చేయించుకున్నదా, చేయించారా?: పునరుత్పత్తి హక్కులు, తెలుగు స్త్రీవాద సాహిత్యం

‘పునరుత్పత్తి హక్కులు’ అన్న మాట సభల్లోనూ పరిశోధన పత్రాల్లోనూ వినిపిస్తుంది కాని ఇళ్ళలో వినిపించదు. ఇళ్ళలో వాడుకలో ఉన్న మాటలు వేరు. కడుపు నిలిచింది, కడుపు పండింది, కడుపు పోయింది, కాన్పు అయింది, ఆపరేషన్ అయిపోయింది. ఈ వాక్యాలన్నిటికీ ఒక పోలిక ఉంది. కడుపు, కాన్పు, ఆపరేషన్ వీటిలో కర్తలు. ఎవరి శరీరంలో ఇదంతా జరిగిందో ఆ మనిషికి వాక్యంలో చోటు లేదు.

ఆమె కర్తగా నిలిచే వాక్యాలు లేకపోలేదు. ‘కడుపు తీయించుకుంది’, ‘ఆపరేషన్ చేయించుకుంది’ అన్నవి అలాంటివి. తెలుగు క్రియకు ‘ఇంచు’ చేరితే పని ఇంకొకరి చేత జరిగిందని అర్థం. దానిపైన ‘కొను’ చేరితే ఆ పని జరిపించినది తన కోసమేనని అర్థం. ‘చేయించుకుంది’ అంటే నిర్ణయం ఆమెది. ‘చేయించారు’ అంటే అత్తగారిది, భర్తది, డాక్టరుది, లేదా ఆరోగ్య శాఖది. ఒక్క ‘కొను’ ఉండటానికీ లేకపోవటానికీ మధ్య ఉన్న దూరంలోనే తెలుగు ప్రాంతాల స్త్రీల పునరుత్పత్తి చరిత్ర చాలావరకు ఇమిడి ఉంది.

1980, 90 దశకాల తెలుగు స్త్రీవాద కవిత్వం ఈ దూరాన్ని గుర్తించింది. అయితే ఆ కవిత్వాన్ని గురించి వచ్చిన విమర్శ చాలాకాలం మరో వాదంలో చిక్కుకుంది. శరీరం గురించి రాయడం అశ్లీలమా, సాహసమా అన్నది ఆ వాదం. ప్రతిపక్షం అశ్లీలమంది, స్వపక్షం సాహసమంది. ఇద్దరూ ఆ కవితలు ఏం చెబుతున్నాయో వదిలి, ఎంత బాహాటంగా చెబుతున్నాయో కొలిచారు. వాటిని శరీర కవిత్వంగా కాక నిర్ణయాధికారాన్ని గురించిన కవిత్వంగా చదివితే, అదే కాలంలో న్యాయస్థానంలోనూ ఆరోగ్య కేంద్రంలోనూ జరిగిన సంఘటనల పక్కన పెట్టి చూస్తే, వాటి బరువు మరింత స్పష్టంగా తెలుస్తుంది. వాటిలోని లోటు కూడా తెలుస్తుంది.

అడగకముందే వచ్చిన చట్టం

అమెరికాలో స్థిరపడిన పాఠకులకు గర్భస్రావం అనగానే గుర్తొచ్చే చరిత్ర ఒకటుంది. 1973 జనవరి 22న వచ్చిన రో వర్సెస్ వేడ్ తీర్పు గర్భస్రావాన్ని రాజ్యాంగ రక్షణ గల హక్కుగా గుర్తించింది. దాదాపు యాభై ఏళ్ళ తరువాత, 2022 జూన్ 24న, డాబ్స్ తీర్పు ఆ రక్షణను తొలగించి నిర్ణయాన్ని రాష్ట్రాల చట్టసభలకు వదిలింది. ఈ చరిత్రలో రెండు పక్షాలు ఉన్నాయి. ఒకరిది ఎంపిక అన్న నినాదం, మరొకరిది ప్రాణం అన్న నినాదం.

భారతదేశంలో కథ వేరే దారిన నడిచింది. 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన ఏర్పాటైన కమిటీ 1966లో నివేదిక ఇచ్చింది. వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం 1971లో ఆమోదం పొంది, 1972 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. రో తీర్పు అప్పటికింకా రాలేదు. ఈ చట్టం కోసం స్త్రీలు వీధుల్లోకి రాలేదు. నాటు పద్ధతుల్లో గర్భం తీయించుకుని స్త్రీలు చనిపోతున్నారన్న ఆందోళన ఒకవైపు, జనాభా పెరుగుతోందన్న ఆందోళన మరొకవైపు కలిసి దాన్ని తెచ్చాయి.

అందుకే ఆ చట్టం స్వభావం కూడా వేరు. అది స్త్రీకి హక్కు ఇవ్వలేదు, డాక్టరుకు రక్షణ ఇచ్చింది. నిర్ణీత షరతుల్లో గర్భం తొలగించిన వైద్యుడు నేరస్థుడు కాడని చెప్పింది. గర్భస్రావాన్ని నేరంగా చూసే శిక్షాస్మృతిలోని 312వ సెక్షన్ అలాగే ఉండిపోయింది. కొత్త న్యాయ సంహితలో అది 88వ సెక్షన్‌గా కొనసాగుతోంది. గర్భనిరోధక సాధనం విఫలమైతే గర్భం తీయించుకోవచ్చన్న వెసులుబాటు చాలాకాలం వివాహితలకే వర్తించింది. 2021 సవరణలో ‘భర్త’ అన్న మాట స్థానంలో ‘భాగస్వామి’ వచ్చింది. 20 నుంచి 24 వారాల మధ్య అవకాశం విషయంలో అవివాహితలను వేరుగా చూడరాదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తీర్పు ఇచ్చింది. డాబ్స్ తీర్పు వచ్చిన మూడు నెలలకే ఇది రావటంతో, ఈ విషయంలో భారతదేశం అమెరికా కన్నా ముందుందన్న వ్యాఖ్యలు అప్పట్లో బాగా వినిపించాయి.

ఆ పోలిక పైపైన నిజమే. కాని చట్టం అనుమతించటం ఒకటి, నిర్ణయం ఆమె చేతిలో ఉండటం ఇంకొకటి. వయసు వచ్చిన స్త్రీ గర్భం తీయించుకోవడానికి భర్త అనుమతి అవసరమని చట్టం ఎక్కడా చెప్పదు. అయినా ఆసుపత్రుల్లో భర్త సంతకం అడగటం మామూలు వ్యవహారం. చట్టంలో లేని సంతకం ఆచరణలో తప్పనిసరి అయిందంటే, నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న తీరలేదన్నమాట. అమెరికన్ స్త్రీ రాజ్యాన్ని తప్పుకోమని అడిగింది. తెలుగు స్త్రీకి ఎదురైనది గర్భం తీయించుకోవద్దనే రాజ్యం కాదు. వద్దని చెప్పకుండానే, ఆమెను అడగకుండానే, ఆమె గర్భం విషయంలో అన్నీ ఏర్పాటు చేసే రాజ్యం, కుటుంబం ఆమెకు ఎదురయ్యాయి.

‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’

ఎర్ర త్రికోణం పక్కన గోడలమీద రాసిన ఈ నినాదం రెండు తరాల తెలుగువారికి కంఠతా వచ్చు. దాని ఫలితం 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ వివాహితల్లో 69.6 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు. దేశంలో ఇదే అత్యధికం. తెలంగాణలో 61.9 శాతం, దేశ సగటు 37.9 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మగవారి ఆపరేషన్ల వాటా 0.4 శాతం.

ఈ తేడా మొదటినుంచీ ఉన్నది కాదు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976–77 ఒక్క ఏడాదిలోనే, దేశంలో దాదాపు 82 లక్షల ఆపరేషన్లు జరిగాయి. వాటిలో 62 లక్షలు వేసెక్టమీలు. మగవారిని బలవంతంగా పట్టుకెళ్ళి చేసిన ఆ ఆపరేషన్లు 1977 ఎన్నికల్లో ప్రభుత్వాన్నే కూల్చిన కారణాల్లో ఒకటయ్యాయి. ఆ తరువాత ‘కుటుంబ నియంత్రణ’ పేరు ‘కుటుంబ సంక్షేమం’గా మారింది. పేరుతోపాటు లక్ష్యం కూడా మారింది. మగవాడి శరీరం మీద చెయ్యి వేస్తే ఓట్లు పోతాయని తెలుసుకున్న రాజ్యం స్త్రీ వైపు తిరిగింది. మగవారి విషయంలో దేశవ్యాప్తంగా ఆగ్రహం రేపిన పని స్త్రీల విషయంలో నలభై ఏళ్ళకు పైగా సంక్షేమ కార్యక్రమంగా సాగింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ స్త్రీలందరినీ బాధితులుగా లెక్కవేయటం తప్పు. ఇద్దరు బిడ్డల తరువాత మళ్ళీ గర్భం వస్తుందన్న భయం తీరిపోవటం ఎంతోమందికి నిజమైన విముక్తి. పుట్టింట్లో కాన్పు కాగానే, తల్లి తోడుండగానే, ఆ పని ముగించుకోవాలని పట్టుబట్టినవారు ఉన్నారు. వారి విషయంలో ‘చేయించుకుంది’ అన్న మాట అక్షరాలా నిజం. ప్రశ్న వేరే చోట ఉంది. తాత్కాలిక పద్ధతులేవీ అందుబాటులోకి రాకుండా, భర్త ఆపరేషన్ అన్నది ఊహకే రాకుండా, ఇరవైల్లో ఉన్న స్త్రీ ముందు ఒకే ఒక దారి ఉంచి, ఆ దారిన ఆమె నడిచాక అది ఆమె ఎంపిక అనటంలో న్యాయం ఎంత? క్రియకు ‘కొను’ చేరినంత మాత్రాన స్వేచ్ఛ చేరదు. నాలుగింటిలో ఒకటి కోరుకోవటానికీ, ఉన్న ఒక్కటే కోరుకోవటానికీ తెలుగు వ్యాకరణం ఒకే రూపం ఇస్తుంది. ఆ తేడా చెప్పవలసినది సాహిత్యమూ విమర్శా.

శిబిరాల పద్ధతి ఈ తేడాను ప్రాణాల మీదికి తెచ్చింది. మూడేళ్ళలో స్టెరిలైజేషన్ శిబిరాలను ఆపివేయాలని సుప్రీంకోర్టు 2016లో దేవికా బిశ్వాస్ కేసులో చెప్పింది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు లాపరోస్కోపీ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే వారిలో నలుగురు చనిపోయారు. ఈ వాక్యంలో క్రియ ‘చేశారు’. దానికి ‘కొను’ చేర్చటం ఎవరివల్లా కాదు.

కోర్టు, ఆరోగ్య కేంద్రం, పుస్తకం

1983 నుంచి 1991 వరకు హైదరాబాదులో, దాని చుట్టుపక్కల, మూడు ఘటనలు జరిగాయి. స్త్రీవాద కవిత్వానికి నేపథ్యంగా వీటిని కలిపి చెప్పటం అరుదు.

మొదటిది ఒక తీర్పు. విడిగా ఉంటున్న భార్యను కాపురానికి రప్పించమని భర్త కోర్టును కోరే అవకాశం హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌లో ఉంది. టి. సరిత వర్సెస్ టి. వెంకటసుబ్బయ్య కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి 1983లో ఆ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు. ఆయన వాదన సారాంశం ఇది: కాపురానికి వెళ్ళమని ఆదేశించటమంటే ఇష్టం లేని సంభోగానికి ఆదేశించటమే. దాని పర్యవసానం గర్భం కావచ్చు. అప్పుడు తన శరీరం మరో ప్రాణికి జన్మనివ్వాలా, వద్దా, ఎప్పుడు అన్న నిర్ణయం స్త్రీనుంచి రాజ్యానికి బదిలీ అవుతుంది. చట్టం మాటల్లో భార్యాభర్తలు సమానమే అయినా, దాని భారం పడేది గర్భం మోసే మనిషి మీదే.

1980ల ఆరంభంలో ఒక భారతీయ న్యాయమూర్తి ఈ మాటలు రాయటం అసాధారణం. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను సమర్థించింది. వివాహం చెదిరిపోకుండా కాపాడటం అన్న సామాజిక ప్రయోజనం ముందు స్త్రీ శరీరం మీద స్త్రీ నిర్ణయం వెనుకబడింది. చౌదరి ఆధారం చేసుకున్న గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తిరుగులేకుండా ప్రకటించడానికి 2017లో పుట్టస్వామి తీర్పు రావలసి వచ్చింది.

రెండవది పటాన్‌చెరు. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను స్త్రీలమీద పరీక్షించే కార్యక్రమం మొదలైంది. వచ్చిన స్త్రీలకు అది ప్రయోగమని గాని, దానివల్ల రాగల ఇబ్బందులు గాని తెలియవు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు వెళ్ళి విషయం వివరించాక చాలామంది వెనుదిరిగారు. 1986లో ఆ సంస్థ ఢిల్లీకి చెందిన సహేలీ వంటి సంస్థలతో కలిసి సుప్రీంకోర్టులో కేసు వేసింది. ఆ కేసు 2000 సంవత్సరం వరకు నడిచింది. అక్కడ స్త్రీలు గర్భనిరోధకాన్ని వ్యతిరేకించలేదు. అది తమకు ఉపయోగపడగలదని వచ్చినవారే వారు. తెలిసి తీసుకోవటానికీ తెలియకుండా ఎక్కించటానికీ ఉన్న తేడా మీదే కేసు నడిచింది.

మూడవది ఒక పుస్తకం. స్త్రీల ఆరోగ్యం గురించి బోస్టన్ స్త్రీల బృందం తెచ్చిన గ్రంథం స్ఫూర్తితో స్త్రీశక్తి సంఘటన 1991లో ‘సవాలక్ష సందేహాలు’ వెలువరించింది. నెలసరి, గర్భం, గర్భనిరోధం, కాన్పు, గర్భస్రావం వంటి విషయాలను డాక్టర్ల పరిభాషలోనో, అమ్మలక్కల గుసగుసల్లోనో కాక, చదవగలిగిన తెలుగులో చెప్పటం దాని ఉద్దేశం. బోస్టన్ పుస్తకం నుంచి ఇది స్వీకరించినది ఒక పద్ధతిని: స్త్రీ తన శరీరాన్ని గురించి తానే తెలుసుకోవటం, తెలుసుకున్నది ఇంకొకరికి చెప్పటం. శీర్షికలోని ‘సందేహం’ అన్న మాటే దాని విలువ చెబుతుంది. సందేహం అడిగే చోటు ఉంటేనే నిర్ణయం అన్నది మొదలవుతుంది.

కవిత్వం చేసిన పని

ఈ ఘటనల మధ్య కాలంలోనే తెలుగు స్త్రీవాద కవిత్వం వచ్చింది. ‘గురి చూసి పాడే పాట’ సంకలనం 1990లో, ‘నీలి మేఘాలు’ 1993లో వెలువడ్డాయి. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ ఆ కాలపు కవితల్లో ఎక్కువగా చర్చకు వచ్చినవి.

వీటికి ముందు తెలుగు సాహిత్యంలో గర్భం లేదని కాదు. చలం ‘మైదానం’ 1927లోనే వచ్చింది. రాజేశ్వరి భర్తనూ ఇంటినీ వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. సంఘం విధించిన హద్దులన్నీ దాటుతుంది. కాని గర్భం రాగానే దాన్ని తీయించుకోమని అమీర్ పట్టుబడతాడు. తెలుగు నవలల్లో అంత స్వేచ్ఛగా మొదలైన ప్రేమకథ కడుపు దగ్గరికి వచ్చేసరికి పాత ప్రశ్నకే వచ్చి ఆగింది. ఇంటి నాలుగు గోడల్లోనే కాదు, గోడలే లేని మైదానంలో కూడా ఆ గర్భం ఉండాలా, పోవాలా అన్నది మొదట పురుషుడి ఇష్టాయిష్టాల్లో తేలే విషయమే అయింది. స్త్రీ స్వేచ్ఛను ప్రేమించే స్వేచ్ఛగా మాత్రమే అర్థం చేసుకుంటే మిగిలిపోయేది ఏమిటో ఆ నవల, బహుశా తన ప్రమేయం లేకుండానే, చూపించింది.

‘లేబర్ రూం’ ఆ మిగిలిపోయిన చోటునుంచి మొదలవుతుంది. మాతృత్వాన్ని కీర్తించిన కవిత్వం తెలుగులో అపారం. అందులో తల్లి ఉంటుంది, బిడ్డ ఉంటుంది, పురిటి నొప్పి మాత్రం ఆ మహిమకు చెల్లించిన మూల్యంగా ఒక మాటలో తేలిపోతుంది. నిర్మల ఆ నొప్పిని నొప్పిగానే నిలబెట్టింది. దానికి పవిత్రత అంటగట్టలేదు, త్యాగమని సర్దిచెప్పలేదు. పైగా ఆమె ఎంచుకున్న స్థలం ఇల్లు కాదు, ఆసుపత్రి. పురుడు పుట్టింటి గదినుంచి ఆసుపత్రి వార్డుకు మారిన తరానికి చెందిన కవిత ఇది. అక్కడ స్త్రీ ఒక్కతే ఉండదు. వరసగా ఉన్న మంచాల్లో తానూ ఒకతె. నొప్పి ఆమె సొంతం కాని, ఆ గదిలో ఏదీ ఆమె చేతిలో లేదు.

ఆ కవిత పాతబడలేదని చెప్పటానికి ఒక్క లెక్క చాలు. 2019–21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశ సగటు 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ వాటా 81.5 శాతం. నొప్పుల భయం, ముహూర్తం పిచ్చి, ఆసుపత్రి ఆదాయం, డాక్టరు వీలు ఇవన్నీ కారణాలే. వీటిలో ఏది ఎంతన్నది పక్కన పెట్టినా, లేబర్ రూంలో నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారన్న ప్రశ్న అలాగే ఉంది. ముహూర్తానికి ‘కాన్పు చేయించారు’ అనే వాక్యంలో ఆ కాన్పు అయిన మనిషి ఎక్కడుందో వెతుక్కోవాలి.

‘అబార్షన్ స్టేట్‌మెంట్’ ఇంకా సూక్ష్మమైన కవిత. ముందు పేరే చూడాలి. స్టేట్‌మెంట్ అన్నది పోలీసు స్టేషన్లోనూ కోర్టులోనూ తీసుకునేది. జరిగినదానికి సాక్షి ఇచ్చే వాంగ్మూలం అది. గర్భస్రావం అప్పటివరకు తెలుగు సమాజంలో రెండు రూపాల్లో ఉంది: ఇంట్లో రహస్యంగా, ఆసుపత్రిలో కేస్ షీటుగా. రజని దానికి మూడో రూపం ఇచ్చింది. గర్భం కోల్పోయిన స్త్రీయే సాక్షిగా మాట్లాడింది.

ఆ వాంగ్మూలంలో ఉన్నది విజయం కాదు, దుఃఖం. కోల్పోయిన గర్భం మీద ప్రేమ అందులో దాపరికం లేకుండా ఉంది. గర్భస్రావ హక్కును అమెరికన్ వాదనల్లో మాత్రమే చూసేవారికి ఇది ఇబ్బంది కలిగిస్తుంది. అక్కడ కడుపులో బిడ్డ కోసం ఏడవటం హక్కును వ్యతిరేకించే పక్షం సొత్తు. హక్కును కోరే పక్షం ఆ దుఃఖాన్ని ఒప్పుకుంటే వాదన బలహీనపడుతుందని భయపడుతుంది. రజని కవితకు ఆ భయం లేదు. దుఃఖమూ హక్కూ ఒకే స్త్రీలో ఉండగలవని అది చూపిస్తుంది. గర్భం తీయించుకోవటం తప్పని కవిత చెప్పదు. ఆ స్థితి ఎవరివల్ల వచ్చింది, దాని బరువు ఎవరు మోశారు, ఎవరు మోయకుండా తప్పుకున్నారు అని అడుగుతుంది. చట్టం అడగకముందే వచ్చిన దేశంలో కవిత్వం చెయ్యవలసిన పని అదే. అనుమతి ఉన్నంత మాత్రాన నిర్ణయం ఉన్నట్టు కాదని, నిర్ణయం తీసుకున్నంత మాత్రాన బాధ లేనట్టు కాదని చెప్పటం.

ఈ కవితలను బాహాటంగా రాసినందుకు తిట్టిన విమర్శకులకూ, బాహాటంగా రాసినందుకే మెచ్చుకున్న విమర్శకులకూ తప్పిపోయినది ఈ అంశం. గర్భాశయం అన్న మాట కవిత్వంలోకి రావటం మొదటి అడుగు మాత్రమే. ఆ గర్భాశయం విషయంలో సంతకం ఎవరిదన్నది కవిత అడిగిన అసలు ప్రశ్న.

కవిత్వం చూడనిది

ఆ కవిత్వానికి హద్దులు కూడా ఉన్నాయి. ‘లేబర్ రూం’, ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ వచ్చిన కాలంలోనే లక్షలాది స్త్రీలు ఆపరేషన్ శిబిరాల వరసల్లో నిలబడ్డారు. ఆ శిబిరం తెలుగు స్త్రీవాద కవిత్వంలో లేబర్ రూం అంత ప్రసిద్ధమైన చిత్రం కాలేదు. రాసినవారు ఎక్కువగా చదువుకున్న, పట్టణాల్లో ఉన్న స్త్రీలు కావటం దీనికి ఒక కారణం. వారు వెళ్ళిన ఆసుపత్రి వేరు, కూలిపని చేసే స్త్రీ వెళ్ళిన శిబిరం వేరు.

ఈ లోటును దళిత స్త్రీల సాహిత్యం మరో సందర్భంలో ఎత్తిచూపింది. జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ కవితకు ఎదురుగా జూపాక సుభద్ర ‘కొంగు’ గురించి రాసింది. ఒకరికి అణచివేతకు గుర్తయిన పైట మరొకరికి చెమట తుడుచుకునే, మూటకట్టుకునే పనిముట్టు. ‘నల్లపొద్దు’, ‘నల్లరేగటి సాల్లు’ సంకలనాలు ఈ వాదాన్ని విస్తరించాయి. స్త్రీ శరీరం అన్నది ఒకటే కాదని, కులాన్నీ పనినీ బట్టి ఆ శరీరం మీద జరిగేదీ మారుతుందని అవి చెప్పాయి. పునరుత్పత్తి విషయంలో ఈ హెచ్చరిక అక్షరాలా వర్తిస్తుంది.

గర్భసంచి తొలగింపు అందుకు పెద్ద ఉదాహరణ. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ఇవి అత్యధిక స్థాయిలు. చదువు తక్కువ ఉన్నవారిలో, పల్లెల్లో, ఇది మరింత ఎక్కువ. తెల్లబట్ట, నడుము నొప్పి వంటి బాధలతో వెళ్ళిన స్త్రీకి, పిల్లలు పుట్టేశారు కదా ఇక ఆ సంచి ఎందుకు అని చెప్పి తీసేసిన సందర్భాలు కోకొల్లలు. నెలసరి రోజుల్లో కూలికి వెళ్ళలేకపోతే ఆ రోజు గడవని స్త్రీకి ఆ సలహా సబబుగానే తోస్తుంది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలను ఆదేశించింది.

కనటం పూర్తయ్యాక గర్భసంచి పనికిరాని వస్తువన్న ఆలోచన ఎక్కడినుంచి వచ్చింది? స్త్రీ శరీరాన్ని కనే సాధనంగా చూసే చూపునుంచే. వద్దన్నప్పుడు గొట్టాలు కత్తిరించటం, పని అయిపోయాక సంచి తీసేయటం, కనమన్నప్పుడు కనటం ఒకే తర్కంలోని మూడు మెట్లు. ‘పిల్లలు లేరా’ అన్న ప్రశ్నకు జీవితాంతం జవాబు చెప్పుకునే స్త్రీ కూడా ఈ తర్కానికే బలి.

మళ్ళీ కనమంటున్న కాలం

ఈ మూడో మెట్టు ఇప్పుడు తెలుగు రాష్ట్రాల ముందుకు వచ్చింది. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన ఉండేది. స్త్రీలకు స్థానిక సంస్థల్లో సీట్లు కేటాయించిన దశాబ్దంలోనే, మూడో కాన్పు జరిగిన స్త్రీని ఆ సీటుకు దూరం చేసిన నిబంధన ఇది. మూడో బిడ్డ వద్దనే అధికారం ఆమెకు ఇంట్లో ఉందో లేదో చట్టం అడగలేదు. 1992–93లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 2.6గా ఉన్న సంతానం 2019–21 నాటికి 1.7కు తగ్గింది. ఇప్పుడు రాష్ట్రం వృద్ధుల రాష్ట్రమవుతుందన్న ఆందోళన మొదలైంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తొలగించింది. ఎక్కువమంది పిల్లల్ని కనమని పాలకులు బాహాటంగా పిలుపునిస్తున్నారు.

అనర్హత నిబంధన పోవటం మంచిదే. కాని పోవటానికి చెప్పిన కారణం గమనించాలి. స్త్రీ నిర్ణయాన్ని శిక్షించటం తప్పని దాన్ని తీసివేయలేదు, జనాభా కావాలని తీసివేశారు. నలభై ఏళ్ళు వద్దన్న గొంతే ఇప్పుడు కావాలంటోంది. ఎన్ని కావాలన్న అంకె మారింది, అంకె చెప్పే అధికారం చేతులు మారలేదు. పైగా ఆపరేషన్ అయిపోయిన దాదాపు డెబ్భై శాతం వివాహితలకు ఈ పిలుపు ఏ అర్థంతో వినిపించాలి?

విదేశాల్లో ఉన్న తెలుగు స్త్రీలకు ఇదంతా దూరదేశపు విషయం కాదు. టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో, ఎందరో తెలుగువారు ఇళ్ళు కట్టుకుని స్థిరపడిన చోట, గర్భస్రావం దాదాపు పూర్తిగా నిషిద్ధం. 2012లో ఐర్లాండులోని గాల్వేలో, గర్భస్రావం జరుగుతున్నదని తెలిసి కూడా వైద్యం ఆలస్యం చేయటంతో బెళగావి నుంచి వెళ్ళిన డాక్టర్ సవితా హలప్పనవర్ చనిపోయింది. 2018లో ఆ దేశ ప్రజలు రాజ్యాంగాన్నే మార్చుకోవటానికి ఆమె మరణం ఒక ముఖ్య కారణం. చదువు, ఉద్యోగం, మంచి ఆసుపత్రి ఇవేవీ నిర్ణయాధికారానికి ప్రత్యామ్నాయం కావని ఆమె మరణం చెప్పింది. ఇక్కడ వద్దనే రాజ్యం, అక్కడ అడగకుండా ఏర్పాటు చేసే రాజ్యం. రెండింటి మధ్య నివసించే స్త్రీకి ‘ఎంపిక’ అన్న అరువు మాట ఒక్కటే చాలదు.

తెలుగు స్త్రీవాద సాహిత్యం ఆ చాలని చోటును ముప్పై ఏళ్ళ క్రితమే పట్టుకుంది. పిల్లలు వద్దనటం, కావాలనటం, కోల్పోయినదానికి ఏడవటం, నొప్పిని నొప్పి అనటం, ఇవన్నీ ఒకే హక్కులో భాగాలని అది చెప్పింది. ఆ హక్కుకు సరైన తెలుగు పేరు ఇంకా దొరకలేదు. అయినా తెలుగు వాక్యంలో దాని చోటు తెలుసు. అది ‘చేయించారు’ అన్న క్రియకూ ‘చేయించుకుంది’ అన్న క్రియకూ మధ్య ఉంది. శిబిరంలో వరసగా పడుకున్న స్త్రీ, ముప్పై ఏళ్ళకే గర్భసంచి లేని స్త్రీ, మూడో బిడ్డను కనమన్న పిలుపు వింటున్న స్త్రీ తమ స్టేట్‌మెంట్లు ఇంకా పూర్తిగా ఇవ్వలేదు. రాబోయే సాహిత్యం రాసుకోవలసినవి, విమర్శ శ్రద్ధగా వినవలసినవి అవే.